ఎవే భాషలో "న్యా క్పొన": ఇది కర్మణి వాక్యమేనా?

ప్రశ్న: ఘానా, టోగోల్లో మాట్లాడే ఎవే వాక్యాలను పదవిభజన చేస్తూ "న్యొను సియా న్యా క్పొన" దగ్గర ఆగిపోయాను. న్యొను సియా అంటే ఈ స్త్రీ, క్పొ అంటే చూడటం. న్యాకు నిఘంటువులో "తెలుసు" అని ఉంది. "ఈమెకు చూడటం తెలుసు" అంటే పొసగడం లేదు. "చూడబడుతుంది" అని రాయవచ్చా?

జవాబు 1: వద్దండీ. ఎవేలో మన -బడు వంటి ప్రత్యయమే లేదు. దీనికి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట "చూడముచ్చటగా ఉంటుంది". ఇక్కడ న్యా ప్రధాన క్రియ కాదు. తద్ధర్మ ప్రత్యయం (ఎప్పుడూ, అలవాటుగా జరిగేదాన్ని చెప్పేది) -న దేనికి అంటుకుందో చూడండి: క్పొకి. కాబట్టి అసలు క్రియ అదే, న్యా దాని ముందు నిలిచే సహాయక పదం. చూడటానికి కర్మ కావలసిన నామం కర్త స్థానానికి వచ్చింది, క్రియ వెనక చోటు ఖాళీ. వ్యతిరేకంలో మె- న్యాకు ముందు చేరుతుంది, ఒ వాక్యం చివర: "న్యొను సియా మెన్యా క్పొన ఒ".

జవాబు 2: చూసేవాళ్ళను కూడా చెప్పవచ్చు: "న్యొను సియా న్యా క్పొన న ఙుత్సువో", అంటే మగవాళ్ళ కంటికి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పక్కపక్కనే రెండు న-లు. మొదటిది తద్ధర్మ ప్రత్యయం, రెండోది మన "కు" లాంటి విడి పదం. వెంటనే కర్మ వస్తే ఆ ప్రత్యయం నకారం పోగొట్టుకుని -ఆ అవుతుంది: "ఎడుఆ తె" (అతను పెండలం తింటాడు). పై వాక్యంలో -న చెక్కుచెదరలేదు కాబట్టి ఙుత్సువో కర్మ కాదు.

ఇంకో మాట, డు (తిను)ను దు అని రాయకండి. ఎవేలో డ, ద వేర్వేరు ధ్వనులు. ఈ విషయంలో మన లిపి బాగా పనికొస్తుంది.

జవాబు 3: దీన్ని "జె ల గ్బా" (కుండ పగిలింది) రకంతో కలపకండి. గ్బా ఏ మార్పూ లేకుండా "కోఫి గ్బా జె ల" (కోఫి కుండ పగలగొట్టాడు)లోనూ వస్తుంది. పగులు, పగలగొట్టు రెండూ దానికి ఒకటే. డు అలా కాదు. "తె ల డు" అంటే "పెండలం తినబడింది" అన్న అర్థం రాదు. కానీ "తె న్యా డున" చక్కటి వాక్యం, పెండలం తినడానికి బాగుంటుందని. అంటే కర్మను ముందుకు తెచ్చే వీలు క్రియది కాదు, న్యా ఇచ్చింది.

తిన్నదెవరో చెప్పకూడదనుకుంటే "వోడు తె ల". వో అంటే వాళ్ళు. మనం కర్త లేకుండా "తినేశారు" అంటామే, అదే పద్ధతి.