కాశీబుగ్గ (శ్రీకాకుళం జిల్లా) నుంచి ప్రపంచ ఆర్థిక వార్తలు రాయాలంటే?

ఉద్దానం_అమ్మాయి:
ఇంటర్ ఎంఈసీ మొదటి సంవత్సరం. ఆర్థికం, విదేశీ వ్యవహారాల మీద ఒక వెబ్ పత్రికకు వ్యాసాలు పంపుతున్నాను. వార్తా సంస్థల కథనాలు తిప్పి రాసినట్టున్నాయని ఎడిటర్ గారు అంటున్నారు. ఢిల్లీ, వాషింగ్టన్ వార్తకు ఇక్కడి నుంచి నేను ఏం కలపగలను? 18 నిండలేదు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చా?

పిక్కలబస్తా:
అమ్మా, వాషింగ్టన్ దాకా ఎందుకు? మీ వీధి చివర జీడి ఫ్యాక్టరీ విదేశీ వ్యవహారం కాదేటి? పక్కనే పలాసలో ఆడే పిక్క (పెంకుతో ఉన్న ముడి జీడిగింజ) అంతా ఉద్దానం తోటల్లో కాసింది కాదు. ఐవరీ కోస్ట్, ఘనా, బెనిన్, టాంజానియాల నుంచి కూడా వస్తుంది. అక్కడ ధర టన్నుకు డాలర్లలో చెబుతారు, ఇక్కడ 80 కిలోల బస్తాకు రూపాయల్లో. ముందు ఆ రెండింటినీ ఒకే కొలతలోకి తీసుకురా.

ఊరికే అంకెలు వేసి చూపిస్తా. టన్ను 1,500 డాలర్లు అనుకో. బస్తాకు 120 డాలర్లు పడుతుంది. డాలరు 85 రూపాయలైతే 10,200, అదే 90 అయితే 10,800. ఆఫ్రికాలో ధర కదలకుండానే ఇక్కడ బస్తా 600 ఎక్కింది. ఇప్పుడు అవుట్‌టర్న్ అడగాలి, అంటే 80 కిలోల పిక్కలో ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందని. 48 అన్నారంటే 21.77 కిలోలు. ఆ లెక్కన కిలో పప్పులో ఒక్క పిక్క ఖరీదే 468 నుంచి 496కి పోయింది. సుంకం, ఓడ కిరాయి, ఉడకబెట్టడం, కోత, పొట్టు తీసే కూలి ఇంకా కలపనే లేదు. అవుట్‌టర్న్ లేకుండా బస్తా ధర ఒక్కటే రాస్తే 45 పిక్కా 50 పిక్కా ఒకటే అయిపోతాయి. వ్యాపారం తెలిసినవాడు ఆ వ్యాసం అక్కడే మూసేస్తాడు.

సుంకం దగ్గర ఇంకో మెలిక ఉంది. 2018 బడ్జెట్‌లో ముడి జీడిపిక్క మీద దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2.5కి తగ్గించారు (రాసేరోజు రేటు మళ్లీ చూసుకో). బెనిన్, టాంజానియా అత్యల్పాభివృద్ధి దేశాల జాబితాలో ఉన్నాయి కాబట్టి, సరుకు అక్కడిదేనన్న ధ్రువపత్రం ఉంటే రాయితీ దొరుకుతుంది. ఐవరీ కోస్ట్, ఘనా ఆ జాబితాలో లేవు. అందుకని 'ఆఫ్రికా పిక్క' అని కలిపి రాయకు, దేశం పేరు రాయి.

ధర కోసం ఫ్యాక్టరీ యజమానిని, కమీషన్ వ్యాపారిని, తోట రైతును ఒకే వారంలో అడుగు. వారాలు మారితే పోల్చడానికి పనికిరాదు. పప్పు ధరకైతే గ్రేడు కూడా కావాలి. 320 అంటే పౌనుకు ఇంచుమించు అన్ని గింజలు. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది, ధర తక్కువ.

లెక్కలమాస్టారు:
పై రిప్లై ప్రింటు తీసి పెట్టుకో తల్లీ. ఇక కుర్రాళ్ల వ్యాసాలు ఎక్కువగా ఎక్కడ తప్పుతాయంటే, బిలియన్ దగ్గర. బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ఒక్క సున్నా జారితే మిగతా వ్యాసమంతా దండగ.

రెండోది శాతం. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.5 నుంచి 6.25కి తగ్గించింది. తగ్గింది పావు శాతం పాయింటు. శాతంగా లెక్కేస్తే దాదాపు 3.8. ఏది చెబుతున్నావో వాక్యంలోనే తేలాలి. ద్రవ్యోల్బణం 5 నుంచి 3కి వస్తే ధరలు తగ్గినట్టు కాదు, పెరిగే వేగం తగ్గినట్టు. ఈ తప్పు పెద్ద పత్రికల శీర్షికల్లోనూ కనిపిస్తుంది.

ఏ ఏడాదితో పోలుస్తున్నావో కూడా చూసుకో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. దాని తర్వాతి పంటను ఆధారంగా పెట్టుకుంటే ఆపై ప్రతి ఏడాదీ అద్భుతంగా కనబడుతుంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, చాలా దేశాలకు జనవరి నుంచి డిసెంబరు. రెండూ ఒకే పట్టికలో పెట్టకు.

ఫైలునంబరు:
సమాచార హక్కు చట్టంలో వయసు మాట లేదు, పౌరులై ఉంటే చాలు. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. జిల్లా కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. 'జీడి పరిశ్రమ ఎందుకు దెబ్బతింది?' అని అడిగితే ఏమీ రాదు, అది అభిప్రాయం. 'పలాస మండలంలో నమోదైన జీడి యూనిట్ల జాబితా, ఏడాదివారీగా' అని జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని అడిగితే రికార్డు ఇవ్వాలి.

పత్రికతో ఒప్పందం మాత్రం 18 లోపు చెల్లదు, అమ్మో నాన్నో సంతకం చేయాలి. ఫోన్ చేసినప్పుడు వయసు దాచొద్దు, రికార్డు చేస్తుంటే ముందే చెప్పాలి. పొట్టు తీసే ఆడవాళ్ల పేర్లు రాయకపోతేనే మంచిది. కూలి గురించి చెప్పినందుకు పని పోవచ్చు.

ఉద్దానం_అమ్మాయి:
థాంక్సండీ. రొయ్యల మీద అమెరికా సుంకం కూడా ఇలాగే రాయొచ్చా? 'మన రైతు 50 శాతం కడుతున్నాడు' అని మొదలుపెట్టాను.

తీరంవార్త:
ఆ వాక్యం కొట్టేయమ్మా. సుంకం కట్టేది అమెరికాలో సరుకు దించుకునేవాడు. 2025 ఆగస్టు 27న అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు (రాసేరోజు రేటు మళ్లీ చూసుకో), ఆ భారాన్ని కొనుగోలుదారు ఎగుమతిదారు మీదికి, ఎగుమతిదారు రైతుకిచ్చే చెరువు గట్టు ధర మీదికి ఎంత నెట్టారన్నదే నీ ప్రశ్న. ఒకే కౌంటు, అంటే కిలోకు 100 రొయ్యలో 50 రొయ్యలో ఒకటి పట్టుకుని, సుంకానికి ముందూ తర్వాతా గట్టు ధర తీసుకో. మేత ధర కూడా పక్కనే రాసుకో. లేకపోతే మేత తెచ్చిన నష్టమూ ట్రంప్ ఖాతాలోకే పోతుంది.

విదేశీ వ్యవహారాలకు ఇంకోటి. మన తీరం నుంచి గుజరాత్‌కు చేపల వేటకు వెళ్లిన కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరిలో విడుదలయ్యారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల, జాలర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. విదేశాంగ శాఖ ఆ రోజే ప్రకటన పెడుతుంది. అందులో ఉండేది మొత్తం సంఖ్య. మనవాళ్లు ఎందరో తేల్చాలంటే జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి పోవాల్సిందే.