‘సిగ్నలింగ్ పాత్‌వే’కి ‘సంకేత మార్గం’ సరిపోతుందా?

ప్రశ్న:
పసిపిల్లల కాలేయ క్యాన్సర్ హెపటోబ్లాస్టోమా మీద తెలుగులో వ్యాసం రాస్తున్నానండి. కణంలో సంకేతం ఒకదాన్నుంచి ఒకదానికి అందే క్రమం ఉందే, ఆ సిగ్నలింగ్ పాత్‌వేకి ‘సంకేత మార్గం’ అనీ, ట్రీట్‌మెంట్ టార్గెట్‌కి ‘చికిత్సా లక్ష్యం’ అనీ రాశాను. చదివిపెట్టిన మిత్రుడు రెండూ అతకలేదంటున్నాడు. మీరేమంటారు?

ఒక సభ్యుడు:
సంకేత మార్గం చాలామందికి అలవాటైన మాటే. వదలకండి. కొత్తమాట పుట్టిస్తే దాన్ని వివరించడానికే సగం పేజీ పోతుంది.

ఇంకొకరు:
అలవాటైనదే గానీ, ఈ జబ్బు విషయంలో ఆ మాట దారి తప్పిస్తుంది. కణంలో జరిగేది చూడండి. బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, ఎప్పటికప్పుడు దాన్ని వదిలించుకునే ఏర్పాటూ ఉంటుంది. ఏపీసీ, ఆక్సిన్, జీఎస్‌కే-3 వంటి ప్రోటీన్లు గుంపుగా చేరి దానికి ఫాస్ఫేట్ గుర్తులు తగిలిస్తాయి. గుర్తు పడిందా, కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. బయటినుంచి వింట్ అనే సంకేతం వస్తేనే ఆ గుంపు చేతులు ముడుచుకుంటుంది. అప్పుడు బీటా-కెటెనిన్ పోగుపడి, కేంద్రకంలోకి వెళ్లి, కణం పెరగడానికి కావలసిన జన్యువులను లేపుతుంది.

హెపటోబ్లాస్టోమా కణితుల్లో ఎక్కువ వాటికి, బీటా-కెటెనిన్‌ని తయారుచేయించే సీటీఎన్ఎన్‌బీ1 జన్యువు మూడో ఎక్సాన్‌లో (ప్రోటీన్‌కి నమూనా ఇచ్చే జన్యువు ముక్కల్లో మూడోదానిలో) మార్పు ఉంటుంది. అంటే గుర్తు తగిలించాల్సిన చోటే పాడైపోతుంది, లేదా ఆ ముక్కే ఎగిరిపోతుంది. పైనుంచి సంకేతం రాకపోయినా వచ్చినట్టే కణం నడుచుకుంటుంది.

‘మార్గం’ అని చదివినవాడికి మొదట్లో అడ్డం పెడితే సరిపోతుందనిపిస్తుంది. వింట్ బయటికి రావడానికి కావలసిన పోర్క్యుపైన్ అనే ఎంజైమ్‌ని అడ్డుకునే మందులు చేసేది అదే, వింట్‌ని కణం దాటి బయటికి రానివ్వవు. కానీ ఇక్కడ చెడింది అంతకన్నా కింద. ఆక్సిన్‌ని నిలబెట్టే మందులదీ ఇదే చిక్కు: గుంపు సిద్ధంగానే ఉంటుంది, గుర్తు వేయడానికి చోటుండదు. కాబట్టి ఏ మెట్టు దగ్గర చెడిందన్నది మాటలోనే తెలియాలి. గురుపరంపరలాగా ఒకరినుంచి ఒకరికి అందడం ఉంది కనుక ‘సంకేత పరంపర’ అందాం.

మరొకరు:
పరంపర బాగుంది, కానీ అది ఒక్క వరసేనా? హిప్పో అనే ఇంకో సంకేత పరంపరకు చెందిన యాప్ అనే ప్రోటీన్ కూడా ఈ కణితుల్లో చురుగ్గా ఉంటుంది. ఎలుకల కాలేయంలో యాప్, బీటా-కెటెనిన్ రెండిటినీ కలిపి రెచ్చగొడితే ఇలాంటి కణితులే పుట్టాయి. ‘సంకేత జాలం’ అంటే?

ఇంకొకరు:
జాలం అంటే మన చెవికి ముందు మాయాజాలమే వినిపిస్తుందండి! ఒక్కోదాన్ని పరంపర అని, అవి కలిసేచోట ‘పరంపరల అల్లిక’ అని రాస్తే సరి.

నాకు ఎక్కువ ఇబ్బంది ‘లక్ష్యం’తోనే. చికిత్సా లక్ష్యం అంటే బిడ్డ కోలుకోవడం అని ఎవరైనా అనుకుంటారు. ‘మందుకు గురి’ అందామంటే జ్వరానికి గురైనట్టు ధ్వనిస్తుంది. ‘మందు గురిపెట్టే చోటు’ అనండి, పొడుగైనా తేట. పైగా ఈ గురి అంత తేలిక కాదని కూడా రాయండి. బీటా-కెటెనిన్ మీద చిన్న అణువు పట్టుగా కూర్చునే లోతైన గుంట లేదు. పేగు పొరను రోజూ కొత్తగా చేసే మూలకణాలకీ, ఎముకకీ ఇదే సంకేతం కావాలి, గట్టిగా కొడితే వాటికీ తగులుతుంది.

వ్యాసం చదివే తల్లిదండ్రులు మందు వచ్చేసిందనుకోకుండా చూడండి. ఇప్పటికి చికిత్స అంటే ప్రధానంగా సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు, ఆపరేషన్, కొందరికి కాలేయ మార్పిడి. సిస్‌ప్లాటిన్ వినికిడిని దెబ్బతీస్తుంది. అది ఎక్కించిన 6 గంటలకు సోడియం థయోసల్ఫేట్ అనే మందు ఇస్తే ఆ నష్టం తగ్గుతుందని తేలాక, కణితి ఒకేచోట ఉన్న పిల్లలకు ఇవ్వడానికి అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది.

ప్రశ్న వేసినవారు:
పరంపర, గురిపెట్టే చోటు రెండూ తీసుకున్నాను. ఇంకొక్క చిక్కు. ఒక ప్రోటీన్ పనిని ఆపే మందును, అంటే ఇన్‌హిబిటర్‌ని, ‘నిరోధకం’ అంటే, మందుకు కణితి లొంగకపోవడాన్ని మనం ‘నిరోధకత’ అంటున్నాం. రెండూ ఒకే వాక్యంలో వస్తే ఎవరు ఎవర్ని ఆపుతున్నారో తెలియడం లేదు. ఏం చేయమంటారు?