పాత ఫ్రెంచ్ అచ్చు కర్టెన్లు కిటికీకి కట్టవచ్చా?

అందరికీ నమస్కారం. మేం లియోన్‌లో ఉంటున్నాం. మొన్న ఆదివారం పాత సామాన్ల సంతలో రెండు నూలు కర్టెన్లు కొన్నాను. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి అచ్చు: గొర్రెల కాపరి, పిల్లలు, కూలిన స్తంభాలు. అమ్మినాయన 'త్వాల్ ద జుయీ' అన్నాడు. అంటే వెర్సాయ్ దగ్గర జుయీ ఊళ్లో ఓబెర్‌కాంఫ్ 1760లో పెట్టిన అచ్చు కార్ఖానా రకం. నాకైతే అంత నమ్మకం లేదు. ఆ కార్ఖానా బట్ట కొసన దాని పేరు, రంగు పక్కా అనే మాట అచ్చు వేసేవారట. వీటికి కొసలు కత్తిరించేశారు.

బొమ్మ ప్రతి 48 సెంటీమీటర్లకూ మళ్లీ వస్తోంది. రాగి పలకల అచ్చులో బొమ్మ ఇంకా పెద్దగా ఉంటుందని, 1797లో జుయీకి రాగి రోలరు వచ్చాక చిన్నదైందని చదివాను. మరి ఇది రోలరు అచ్చేనా? ఆ తర్వాత ఎప్పుడో వేసిన నకలా?

అసలు టెన్షన్ వేరే. మా కిటికీ దక్షిణం వైపు, ఎండ సూటిగా పడుతుంది. వెనక మందపాటి లైనింగ్ కుట్టిస్తే సరిపోతుందా? మడతల దగ్గర గుడ్డ పలచబడింది, దుమ్ము వాసన కూడా. నీళ్లలో వేయాలంటే భయంగా ఉంది. మా అమ్మ ఫోన్‌లో చూసి, "మన బందరు అద్దకంలా ఉందే, కుంకుడు రసంలో ముంచు" అంది. పోలిక మరీ తప్పు కాదు. మన అద్దకాల మోజు తట్టుకోలేక ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది. కానీ కుంకుడు రసం ఇక్కడ పనికొస్తుందా?

పాత బట్టలు చూసుకున్న అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. అప్పటిదాకా ఉతకను.