కొత్త కారు: ఏసీ కూడా టచ్‌స్క్రీన్‌లోనే ఉంటే నడిపేటప్పుడు ఇబ్బందా?

ఖమ్మం_రోడ్లు అడిగారు:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్నది 2011 మోడల్ చిన్న కారు. దాన్ని ఇచ్చేసి కాస్త పెద్దది తీసుకుందామని షోరూమ్‌ల చుట్టూ తిరుగుతున్నాం. ధర, మైలేజీ, ఎయిర్‌బ్యాగులు అన్నీ చూసుకుని చివరికి రెండు కార్ల దగ్గర ఆగాం. ఒకదాంట్లో డ్యాష్‌బోర్డు మధ్యలో స్క్రీన్, దాని కింద ఏసీకి, బ్లోయర్‌కి విడిగా నాబ్‌లు ఉన్నాయి. రెండోదాంట్లో అక్కడ ఒక్క బటన్ కూడా లేదు. చల్లదనం ఎంత ఉండాలి, ఫ్యాన్ ఎంత తిరగాలి, గాలి ఎటు రావాలి, అద్దానికి పట్టిన ఆవిరి పోగొట్టే డిఫాగర్, అన్నీ స్క్రీన్‌లోనే. చూడ్డానికి రెండోదే బాగుంది. మా అమ్మాయి ఓటు కూడా దానికే.

అయితే టెస్ట్ డ్రైవ్‌లో మా నాన్నగారు ఫ్యాన్ తగ్గించబోయి, స్క్రీన్‌లో దాన్ని వెతుకుతూ రోడ్డు మీద నుంచి చూపు తిప్పేశారు. పక్కన కూర్చున్న నాకు గుండె ఝల్లుమంది. ఆయనకు 67 ఏళ్లు, ఇప్పటికీ బాగా నడుపుతారు. సేల్స్ అబ్బాయి మాత్రం "అలవాటైపోతుంది సార్, వాయిస్ కమాండ్ కూడా ఉంది" అన్నాడు.

నిజంగా అలవాటవుతుందా? సూర్యాపేట మీదుగా హైదరాబాద్ తరచుగా వెళ్తుంటాం. షోరూమ్‌లో చూసి చెప్పేవాళ్లు కాకుండా, ఇలాంటి కారు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం నడిపినవాళ్లు చెబితే మేలు.

బెజవాడ_స్టీరింగ్:

నేను 2006 నుంచి ట్రావెల్స్ కార్లు నడుపుతున్నానండి. విజయవాడ–హైదరాబాద్ కిరాయిలే ఎక్కువ. ఓనర్లు బండ్లు మారుస్తుంటారు కాబట్టి నాబ్‌లున్నవీ నడిపాను, మొత్తం స్క్రీనే ఉన్న బండీ ఏడాది పైగా నడిపాను. మీరడిగిన ఎండాకాలం, వానాకాలం రెండూ అందులోనే గడిచాయి.

అలవాటవుతుందా అంటే, ఏది ఎక్కడుందో గుర్తుండిపోతుంది. అంతవరకూ నిజమే. చూడకుండా నొక్కడం మాత్రం రాదు. నున్నటి అద్దం మీద వేలికి ఆనవాలు ఏముంటుంది చెప్పండి? నాబ్ అయితే చెయ్యి దానంతటదే వెళ్తుంది. టక్ టక్‌మని రెండుసార్లు తిరిగితే రెండు పాయింట్లు తగ్గిందని వేలికే తెలిసిపోతుంది.

వాన సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే. కోదాడ దాటి నందిగామ వైపు వస్తున్నారు, కుండపోత మొదలైంది అనుకోండి. లోపల టీ కోసం దిగి తడిసి ఎక్కిన పాసింజర్లు. ఆ తడి బట్టలకి, ఊపిరికి ముందద్దం లోపలి వైపు చూస్తుండగానే తెల్లగా కమ్మేస్తుంది. అప్పుడు ఏసీ ఆన్‌లో ఉంచాలి, లోపలి గాలే తిరిగే మోడ్ తీసేసి బయటి గాలి రానివ్వాలి, ఆ గాలిని అద్దం మీదికి మళ్లించాలి, బ్లోయర్ పెంచాలి. పాత బండిలో ఒక లివర్ జరిపి రెండు నాబ్‌లు తిప్పితే అయిపోయేది. కళ్లు ముందున్న లారీ వెనక లైట్ల మీదే ఉండేవి.

స్క్రీన్ బండిలో ముందు మ్యాప్‌లోంచి బయటికి రావాలి. ఏసీ పేజీ తెరవాలి. అది తెరుచుకునేదాకా ఆగాలి. అందులో అద్దం బొమ్మ ఎక్కడుందో వెతకాలి. దాని మీద వేలు పెట్టేలోపు బండి గతుకులో పడుతుంది, వేలు జారి పక్కనున్న వెనకద్దం బొమ్మ మీద పడుతుంది. మళ్లీ మొదటి నుంచి. గంటకు 80 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు చూపు తిప్పితే 66 మీటర్లు రోడ్డు చూడకుండా పోయినట్టే. అదీ వానలో, అద్దం సరిగ్గా కనపడనప్పుడు.

ఇంకో మాట, ఏ బండి తీసుకున్నా నాన్నగారికి ఇది చెప్పండి. ఒక్కోసారి ఆవిరి అద్దం బయటి వైపు పడుతుంది, లోపల ఏసీ మరీ చల్లగా ఉన్నప్పుడు. దానికి వైపర్ వేసి టెంపరేచర్ కాస్త పెంచాలి. లోపలా బయటా అన్నది అద్దం మీద వేలితో గీస్తే తెలిసిపోతుంది. చాలామంది తేడా తెలియక లోపల గుడ్డతో తుడుస్తూనే ఉంటారు.

ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఎడమ చెయ్యి. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి స్క్రీన్ పనంతా ఎడమ చేతిదే. కుడిచేతివాటం వాళ్లకి ఎడమ చేతి వేలు అంత సూటిగా పడదు. అమెరికా వీడియోల్లో వాళ్లు చకచకా నొక్కేస్తుంటే ఇదెంత సులువో అనిపిస్తుంది, కానీ వాళ్లు కుడిచేత్తో నొక్కుతున్నారు. పైగా మీది మాన్యువల్ గేర్ బండైతే అదే ఎడమ చెయ్యి గేర్ రాడ్ మీద కూడా ఉండాలి. ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో ఫస్ట్, సెకండ్, ఫస్ట్ అని మారుస్తూ స్క్రీన్‌లో వెతుక్కోవడం నా వల్ల కాలేదు.

ఎండాకాలం సాయంత్రం హైదరాబాద్ నుంచి ఇటు వస్తుంటే పొద్దు వెనక ఉంటుంది, ఆ ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంది. వేలిముద్రల మరకలు తప్ప ఏమీ కనపడదు. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే ఎవరికైనా ముందు కావాల్సింది ఏసీ ఫుల్. స్క్రీన్ ఆన్ అయి, లోగో వచ్చి, హెచ్చరిక మీద ఓకే నొక్కేదాకా ఆ కొలిమిలో కూర్చోవాలి.

ఇక పాసింజర్లు. వెనక కూర్చున్న పెద్దావిడ "బాబూ, చలేస్తోంది, కాస్త తగ్గించు" అంటుంది. కాసేపటికి ముందు కూర్చున్నాయన ఉక్కపోతగా ఉందంటాడు. దారి పొడవునా ఇదే పని. మీ కుటుంబం వెళ్లినా ఇంతే కదా.

స్క్రీన్ వద్దని నేననను. మ్యాప్‌కి, రివర్స్ కెమెరాకి అంత మంచిది లేదు. బండి కదులుతుండగా ముట్టుకోవాల్సిన వాటికి మాత్రం చేతికి తగిలే స్విచ్ ఉండాలి. నాబ్‌లున్నదే తీసుకోండి.

కొండాపూర్_ఈవీ:

పైన చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. నాది దాదాపు అన్నీ స్క్రీన్‌లోనే ఉండే ఎలక్ట్రిక్ కారు. రోజూ కొండాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, సెలవుల్లో మా అమ్మగారి ఊరు కరీంనగర్‌కి నేనే నడుపుతాను.

ఆటో క్లైమేట్ ఉన్న కారులో ఏసీని పదేపదే ముట్టుకోవాల్సిన పనే లేదు. 24 పెట్టి ఆటోలో వదిలేస్తే ఫ్యాన్ అదే చూసుకుంటుంది. బయల్దేరే ముందే ఫోన్ యాప్‌లో ఏసీ వేసేస్తాను కాబట్టి మే నెల ఎండ బాధ కూడా లేదు. 360 డిగ్రీల కెమెరా పెద్ద స్క్రీన్‌లో కనపడటం వల్ల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభాల మధ్య పార్కింగ్ టెన్షన్ పోయింది. అప్‌డేట్‌లో కొత్త సౌకర్యాలు కూడా వస్తుంటాయి.

వాయిస్ కమాండ్ మాత్రం నమ్ముకోవద్దు. ఒంటరిగా ఉంటే వింటుంది. వెనక పిల్లలిద్దరూ అరుస్తుంటే, పాట నడుస్తుంటే, ఏం చెప్పినా "మళ్లీ చెప్పండి" అంటుంది. వైపర్లకి, ఇండికేటర్లకి నా కారులో మామూలు లివర్లే ఉన్నాయి. అవి కూడా స్క్రీన్‌లో ఉండుంటే నేనూ కొనేదాన్ని కాదు.

బెజవాడ_స్టీరింగ్:

మేడమ్, ఆటో మోడ్ మంచిదే. ఒక్కరే వెళ్లేటప్పుడు దానికి సాటి లేదు. నలుగురెక్కి నలుగురికీ నాలుగు రకాలుగా కావాలన్నప్పుడు, తడి బట్టలతో అద్దం మసకబారినప్పుడు చెయ్యి పెట్టక తప్పదు. కొన్ని బండ్లలో స్క్రీన్ ఉన్నా ముందద్దం డిఫాగర్‌కి ఒక్క బటన్ విడిగా ఇస్తున్నారు. అది ఉంటే నా కంప్లయింట్‌లో సగం తగ్గుతుంది.

గోథెన్‌బర్గ్_తెలుగు:

స్వీడన్ నుంచి రాస్తున్నాను. కార్ల సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను, కంపెనీ పేరు వద్దు. బెజవాడ అన్న అనుభవంతో చెప్పిందే ఇక్కడ కొలిచి చూశారు. 'వీ బిలెగారె' అనే స్వీడిష్ కార్ల పత్రిక 2022లో 11 కొత్త కార్లని, వాటితోపాటు ఒక 2005 వోల్వో వీ70ని ఎయిర్‌స్ట్రిప్ మీద గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించింది. టెంపరేచర్ పెంచడం, డీఫ్రాస్టర్ (మన డిఫాగరే) వేయడం, ఒక రేడియో స్టేషన్ పెట్టడం లాంటి మామూలు పనులే. డ్రైవర్లకి ముందే ఆ కార్లు అలవాటు చేసుకునే టైమ్ కూడా ఇచ్చారు. బటన్ల వోల్వోలో పనులన్నీ 10 సెకన్లలో అయిపోయాయి, ఈలోగా కారు వెళ్లింది 306 మీటర్లు. అన్నిటికంటే వెనకబడిన కొత్త కారులో 44.9 సెకన్లు పట్టింది, అంటే 1,372 మీటర్లు. ఆ తేడా కిలోమీటరు పైనే.

మరి కంపెనీలు ఎందుకిలా చేస్తున్నాయంటే, లోపల ఉన్నవాడిగా చెబుతాను. ఒక్కో స్విచ్‌కి అచ్చు చేయించాలి, వైరింగ్ లాగాలి, లక్షల సార్లు నొక్కి పరీక్షించాలి. స్క్రీన్‌లో అయితే బొమ్మ గీస్తే చాలు, తర్వాత మార్చుకోవచ్చు కూడా. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ రివర్స్ కెమెరా తప్పనిసరి అయ్యింది. కెమెరాకి ఎలాగూ స్క్రీన్ పెట్టాలి కాబట్టి బటన్లన్నీ అందులోకే తోసేశారు. డిజైన్ మీటింగుల్లో ఈ వాదన నేను చాలాసార్లు విన్నాను. డబ్బు మిగులుతుందన్న మాట ముందు నడిపేవాడి మాట వినపడదు. అది నాకు బాధగానే ఉంటుంది.

ఇప్పుడు గాలి కాస్త మళ్లింది. కార్ల భద్రతని పరీక్షించి స్టార్లు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్, 2026 నుంచి ఐదు స్టార్లు కావాలంటే ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, ఎస్ఓఎస్ (అత్యవసర సాయం) కాల్ వీటికి విడిగా స్విచ్‌లు ఉండాలంటోంది. ఇది చట్టం కాదు, రేటింగ్ షరతు. అయినా స్టార్లు పోతే అమ్మకాలు పోతాయి కాబట్టి పని చేస్తుంది. ఆ జాబితాలో ఏసీ లేదు, అది నాకు నచ్చలేదు. ఫోక్స్‌వాగన్ కూడా రాబోయే కార్లలో సౌండ్‌కి, రెండు వైపులా టెంపరేచర్‌కి, ఫ్యాన్‌కి, హజార్డ్ లైట్లకి బటన్లు తిరిగి పెడతామని 2025లో చెప్పింది.

ఒక కేసు కూడా చెప్పాలి. జర్మనీలో ఒకాయన పెద్ద వానలో టెస్లా నడుపుతూ వైపర్ స్పీడు స్క్రీన్‌లో మారుస్తూ రోడ్డు దిగి చెట్లని గుద్దేశాడు. 200 యూరోల జరిమానా వేసి నెల రోజులు డ్రైవింగ్ చేయకూడదన్నారు. 2020లో కార్ల్స్‌రూహెలోని పైకోర్టు దాన్ని సమర్థించింది. చేతిలో ఫోన్ పట్టుకున్నప్పుడు వర్తించే నిబంధనే ఈ స్క్రీన్‌కీ వర్తిస్తుందంది. మన దగ్గర నడుపుతూ ఫోన్ పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద జరిమానా ఉంది. డ్యాష్‌బోర్డులో అంతకన్నా పెద్ద స్క్రీన్ పెట్టి అందులో ఫ్యాన్ వెతుక్కోమంటే ఎవరూ అడగరు. మనవాళ్లు కూడా దీని గురించి ఆలోచించాలి. అలాంటి స్టార్లే ఇచ్చే మన భారత్ ఎన్‌క్యాప్ 2023లోనే వచ్చింది, ఇలాంటి షరతులు చేర్చమని అడగడానికి ఇదే సరైన సమయం.

ఖమ్మం_రోడ్లు:

ఇంత ఓపిగ్గా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నాబ్‌ల కారు వైపే మొగ్గుతున్నాం. అమ్మాయికి కూడా ఇదంతా చదివి వినిపించాను. ఆ ఎడమ చేతి మాట దగ్గర తను కూడా ఆలోచనలో పడింది. ఆదివారం నాన్నగారిని తీసుకుని మళ్లీ షోరూమ్‌కి వెళ్తున్నాం. అక్కడ ప్రత్యేకంగా ఏం చూడాలి? ఇంకో సందేహం: మేం బండిని పదేళ్లు ఉంచుకునే రకం. అప్పటికి స్క్రీన్ పాడైతే ఏసీ కూడా పోయినట్టేనా?

బెజవాడ_స్టీరింగ్:

మంచి ప్రశ్న. బండి ఆగి ఉన్నప్పుడే నాన్నగారిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ఫ్యాన్ రెండు పాయింట్లు తగ్గించమనండి. తర్వాత గాలి అద్దం మీదికి మళ్లించమనండి, హజార్డ్ లైట్లు వేయమనండి. ఒకటి రెండుసార్లు తడుముకున్నా పర్లేదు, చేతికి దొరికితే చాలు. నాబ్‌లన్నిటినీ ఒకేలా నమ్మొద్దు. కొన్ని బండ్లలో బటన్‌లా కనపడతాయి కానీ అవీ నున్నటి టచ్ ప్యానెలే, నొక్కితే కిందికి దిగవు. వేలు కాస్త తడి చేసి నొక్కి చూడండి, తేడా తెలిసిపోతుంది. రాత్రి పూట బటన్ల మీద అక్షరాలకి లైటు వస్తుందా లేదా అన్నది కూడా హెడ్‌లైట్లు వేయించి చూడండి.

స్క్రీన్ పోతే ఏమవుతుందన్నది బండిని బట్టి ఉంటుంది. ఏసీ కంట్రోల్ విడిగా ఉంటే స్క్రీన్ నల్లబడినా ఏసీ నడుస్తుంది. అన్నీ అందులోనే ఉంటే కష్టం. నేను నడిపిన బండిలో ఒకసారి సూర్యాపేట దగ్గర స్క్రీన్ ఆగిపోయింది. బండి ఆపి, ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేసేదాకా ఏసీ 18 దగ్గరే ఉండిపోయింది, వెనక చంటిబిడ్డ ఉంది. అందుకని టెస్ట్ డ్రైవ్ అయ్యాక స్క్రీన్‌ని పూర్తిగా ఆఫ్ చేయించి, ఏసీ ఇంకా మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. స్క్రీన్ మార్చాలంటే ఎంతవుతుంది, వారంటీ ఎన్నేళ్లు, పొడిగించిన వారంటీలో అది కలుస్తుందా అన్నది సేల్స్ వాళ్లని కాకుండా సర్వీస్ సెంటర్‌లో స్పేర్ పార్ట్స్ కౌంటర్ దగ్గర అడిగి, కాగితం మీద రాయించుకోండి.