తొమ్మిది తప్పిన పిల్లవాడిని బడి మార్చడం దొంగదారా?

వైట్‌ఫీల్డ్ అమ్మ:
మా వాడు తొమ్మిదో తరగతి తప్పాడు. బడిలో ఇంగ్లీషు, కన్నడం, హిందీ. వీటికి తోడు నేను ఇంట్లో నేర్పిన తెలుగు. తెలుగు తలకట్టు, కన్నడ తలకట్టు కలిపి రాసేవాడు. సోమరి అని టీచర్లు, మొండివాడని మేము. చివరకు ఇక్కడ బెంగళూరులోనే ఉన్న మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో చూపిస్తే డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడంలో ఉండే ఇబ్బంది అని తేలింది. అప్పటికి వాడికి పదిహేనేళ్ళు. కనకపుర రోడ్డు వైపు ముప్ఫై మంది పిల్లలున్న ఒక చిన్న బడిలో చేర్చాం. అక్కడ పాఠం చదివి వినిపిస్తారు, జవాబు ముందు నోటితో చెప్పించుకుంటారు. అక్కడ రాయించేది ఎన్ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూలు పరీక్ష. దాని పదో తరగతికి ఐదు సబ్జెక్టులు, వాటిలో ఒక భాష చాలు. ఏప్రిల్‌లో రెండు, అక్టోబరులో మూడు రాసి అన్నీ పాసయ్యాడు. తన మార్కులు తానే చదివి ఫోనులో వాళ్ళ తాతకు వినిపించాడు. బంధువులేమో దొంగదారిన గట్టెక్కించానంటున్నారు. మీరు చెప్పండి.

హెబ్బాళ నాన్న:
ఆ ఓపెన్ స్కూల్లోనే పన్నెండు కూడా చదివితే, ఆ సర్టిఫికెట్‌తో నీట్ రాయనివ్వరు. 2018లో మా అన్నయ్య కూతురు దరఖాస్తు దగ్గరే ఆగిపోయింది.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
ఆ నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లోనే కొట్టివేసింది. 2024లో సుప్రీంకోర్టులోనూ అర్హత ఉందనే తేలింది. అయినా మా వాడు డాక్టరు కావాలని నేను అనలేదు.

హెబ్బాళ నాన్న:
కోర్టులు తేల్చేలోగా మా పిల్ల బీకాంలో చేరిపోయింది. ఆ ఏళ్ళు ఎవరు తిరిగి ఇస్తారు?

జయనగర మాస్టారు:
ఎయిడెడ్ బడిలో 31 ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. ‘సోమరి అని టీచర్లు’ అన్న మాట గుచ్చుకుందమ్మా. గదిలో అరవై మంది ఉంటే, ఒక్కడి తలకట్టు ఎందుకు తప్పుతోందో చూసే తీరిక ఏదీ? ఇక మీ పరీక్ష సంగతి. పాసు మార్కులు నూటికి 33, ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు. అన్ని అవకాశాలిస్తే ఎవరు పాసు కారు?

వైట్‌ఫీల్డ్ అమ్మ:
మామూలు పదో తరగతిలో మీరు ఎన్నిటికి పాసు చేశారు మాస్టారూ, తొంభైకా? మా వాడు తొమ్మిదిసార్లు రాయలేదు. ఏ సబ్జెక్టయినా ఒక్కసారికే పాసయ్యాడు.

తిప్పసంద్ర:
ఆ బడి ఫీజు ఎంతండీ?

వైట్‌ఫీల్డ్ అమ్మ:
ఏడాదికి లక్షా అరవై వేలు.

కె.ఆర్. పురం:
నేను క్యాబు నడుపుతాను. మా అమ్మాయిది ప్రభుత్వ బడి, ఎనిమిదో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెబుతుంది, రాయమంటే ఏడుస్తుంది. లక్షా అరవై వేలుంటే మా పిల్ల కూడా గెలిచేది.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
గాజులు కుదువపెట్టి కట్టాను అన్నా. నాకేమీ ఊరికే రాలేదు.

జయనగర మాస్టారు:
33 మార్కుల మాట వదిలేస్తున్నాను. నా బాధ అది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బందీ ఉంది. అదనపు సమయం, రాసిపెట్టే మనిషి ఎవరి దయా కాదు, హక్కు. నిమ్హాన్స్ కాగితం చేతికి వచ్చాక మీరు పాత బడిలోనే నిలబడి అడగాల్సింది. మీలాంటి చదువుకున్నవాళ్ళు గాజులు తాకట్టు పెట్టుకుని వెళ్ళిపోతే, మీ వాడి బెంచీలో ఇప్పుడు కూర్చున్న పిల్లవాడి కోసం ఎవరు అడుగుతారు? ఈ క్యాబు నడిపే తండ్రి అడిగితే వింటారా?

వైట్‌ఫీల్డ్ అమ్మ:
అడగలేదని మీకెవరు చెప్పారు? మూడుసార్లు వెళ్ళాను. పదో తరగతి బోర్డు పరీక్షలో చూద్దాం, తొమ్మిదిలో కుదరదన్నారు. ఆ నెలంతా మా వాడు గది తలుపు తీయలేదు. కంచం గుమ్మం దగ్గర పెడితే అలాగే ఉండేది. పక్క బెంచీ పిల్లవాడి గురించి అప్పుడు ఆలోచించలేదు మాస్టారూ. ఇప్పుడు మీరు అడిగినా నా దగ్గర జవాబు లేదు.

జయనగర మాస్టారు:
ఆ సంగతి మొదట రాయలేదు తల్లీ. నా మాట మోటుగా ఉంటే మన్నించు. కానీ వాళ్ళు కుదరదన్నది ఇప్పటికైనా కాగితం మీద రాసి విద్యాశాఖకు పంపు. అది నీ కొడుకు కోసం కాదు.

కె.ఆర్. పురం:
నిమ్హాన్స్‌లో ఎక్కడికి వెళ్ళాలి అక్కా?

వైట్‌ఫీల్డ్ అమ్మ:
పిల్లల మనోవైద్య విభాగం. పొద్దున్నే వెళ్ళండి. అమ్మాయి నోటు పుస్తకాలు తీసుకెళ్ళండి, తప్పులు దిద్దకుండా ఉన్నవే. పద్నాలుగేళ్ళు నిండితే ఎన్ఐఓఎస్‌లో నేరుగా చేర్చవచ్చు, ఖరీదైన బడి అక్కర్లేదు.

జయనగర మాస్టారు:
నాయనా, పరీక్ష చేయించు. బడి మాత్రం మానిపించకు. కాగితం వచ్చాక హెడ్మాస్టరు దగ్గరకు నేనూ వస్తాను.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
వెళ్ళండి. కానీ ఆ పిల్ల అన్నం మానేసిందంటే మాత్రం ఇంకో నెల ఆగకండి.