మియాటా 1991, 1999, 2006: మేనల్లుడికి ఏది కొనమనాలి?

రాయగడ షెడ్డు:
అందరికీ నమస్కారం. రాయగడలో ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. చేతికొచ్చేవన్నీ జీపులు, మారుతీలు, బొలెరోలే. మా మేనల్లుడు ఒహాయోలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి మాజ్డా మియాటా కావాలట. రెండే సీట్లు, టాపు వెనక్కి మడిచీయొచ్చు. ఆ బండి నేను ముట్టుకుని ఎరగను. అయినా "మావయ్యా, నువ్వు ఏది చెప్తే అదే" అని కూర్చున్నాడు.

మూడు చూశాడు: 1991 ఎరుపు, 1999 ఆకుపచ్చ, 2006 బూడిదరంగు. మూడోది ధర ఎక్కువ. స్విచ్ నొక్కితే హెడ్‌లైట్లు పైకి లేస్తాయని వాడి మనసంతా 1991 మీదే ఉంది. వీడియో పంపాడు, స్టార్ట్ చేయగానే హెడ్డులోంచి టకటక వస్తోంది. ట్యాపెట్ (వాల్వుల్ని నొక్కే ముక్క) చప్పుడే అనిపించింది గానీ ఫోన్లో విని ఏటి తేల్చగలను? మా అక్క పోయాక వాడి మంచిచెడ్డలు నావే. తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం నుంచి:
అన్నా, ఒహాయోలో ఆరేళ్లున్నాను, నాలుగేళ్లు 1999 మియాటా నడిపాను. మీ చెవి కరెక్టే. 1990 నుంచి 97 దాకా దీనికి హైడ్రాలిక్ లిఫ్టర్లు, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసే ట్యాపెట్లు. ఆయిల్ పాతబడినా, బండి చాన్నాళ్లు కదలకపోయినా అలాగే కొట్టుకుంటాయి. వేడెక్కాక తగ్గిపోతే దానికోసం బండి వదులుకోవద్దు. 1999 నుంచి సాలిడ్ లిఫ్టర్లు, లోపల ఆయిల్ ఒత్తిడితో పని లేని గట్టివి.

1991లో చూడాల్సింది క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొస. తొలి బళ్లకి అది పొట్టిది. పుల్లీ బోల్టు సరిగా బిగించకపోతే కీవే (పుల్లీని పట్టి ఉంచే కీ కూర్చునే గాడి) అరిగి పుల్లీ ఊగుతుంది, ఆ తర్వాత క్రాంకే మార్చాలి. 91 మధ్యలో పొడుగు కొస పెట్టారు. పుల్లీ మీద స్లాట్లు లెక్కపెట్టమనండి: నాలుగుంటే పొట్టిది, ఎనిమిదుంటే పొడుగుది.

ఇక తుప్పు. మాది గోపాల్‌పూర్ దారిలో ఇల్లు, ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఎలా పొరలుగా లేస్తాయో చిన్నప్పట్నుంచీ చూశాను. ఒహాయోలో చలికాలం మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పే చల్లుతారు. దానికి తోడు ఈ బండి టాపు మీది వాన నీళ్లు దిగడానికి సీటుబెల్టు దగ్గర అటొకటి ఇటొకటి డ్రైన్లుంటాయి. ఆకులు పడి అవి మూసుకుపోతే నీళ్లు తలుపు కింది సిల్లులోకి చేరి లోపల్నుంచి తినేస్తాయి. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. నేను మొదట చూసిన బండికి సీసాతో నీళ్లు పోశాను. ఎడమవైపు వెనక చక్రం ముందు ధారగా దిగాయి. కుడివైపు చుక్క రాలేదు. ఆ పక్క సిల్లు కింద వేలు పెట్టి నొక్కితే పెయింటుతో సహా రేకు పెచ్చు చేతిలోకి ఊడొచ్చింది. ఆ బండి వదిలేశాను.

ఇంజన్లంటారా, 1991ది 1.6 లీటర్లు, 116 హెచ్‌పీ. 94లో 1.8 వచ్చింది, 99కి అది 140 అయింది. 2006ది పూర్తిగా కొత్త బండి, 2.0 లీటర్లు, 170 హెచ్‌పీ, కానీ బరువు 1,100 కిలోలు దాటింది. 1991ది టన్ను కూడా ఉండదు, మలుపులో ఆ తేడా నడుముకి తెలుస్తుంది. అయితే దాని వెనక అద్దం ప్లాస్టిక్, చలిలో మడిస్తే పగులుతుంది. 99కి నిజం అద్దమే, లోపల హీటరు తీగలతో సహా. లేచే లైట్లు మాత్రం 99లో తీసేశారు. సిల్లులు బాగుంటే నా ఓటు ఆకుపచ్చదానికే.

గుణుపురం కుర్రాడు:
బాబాయ్, మీవాడి ఎత్తెంత? ఆరడుగులు దాటితే పాతవాటిలో మోకాలు స్టీరింగుకి తగులుతుంది. 2006లో చోటు ఎక్కువ, పైగా వాల్వుల టైమింగు చూసే బెల్టు బదులు చైను ఉంది, బెల్టు మార్చే పని లేదు. మా అన్నయ్యది అదే, నాకదే నచ్చింది.

రాయగడ షెడ్డు:
వాడు అయిదడుగుల ఆరంగుళాలే బాబూ. నిన్న వెళ్లి సీసాతో నీళ్లు పోశాడు. ఎరుపుదానికి రెండువైపులా అడ్డుపడింది, పుల్లీకి నాలుగే స్లాట్లు. వాడికి బాధేసింది, నాకూ వేసింది. ఆకుపచ్చదానికి రెండు పక్కలా నీళ్లు శుభ్రంగా దిగాయి, కింద వేలితో గట్టిగానే నొక్కాడట, రేకు కదల్లేదు. కానీ తలుపు స్టిక్కరు మీద తయారీ 98 అని ఉంది. అమ్మేవాడు 99 అంటున్నాడు. మోసమా?

బరంపురం నుంచి:
కాదన్నా. అమెరికాలో 1998 మోడల్ అనేదే లేదు. 97 తర్వాత నేరుగా 99, అది 98లోనే అమ్మకానికి వచ్చింది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం అడగండి, 60,000 మైళ్లకోసారి మార్చాలి.

రాయగడ షెడ్డు:
కాగితం లేదట. బెల్టు, వాటర్ పంపు కలిపి మార్చడానికి అక్కడ ఎంతవుతుందో కనుక్కుని, అంతా ధరలో తగ్గించమని అడగమన్నాను. శనివారం మళ్లీ వెళ్తున్నాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఫోను బానెట్ పక్కన పెట్టి నాకు వినిపించమన్నాను.