పిండం గ్రాఫ్ట్ (శరీరానికి అతికించిన పరాయి చర్మం లేదా అవయవం) లాంటిదే అన్న మెదావర్ పోలిక మేలు చేసిందా, దారి తప్పించిందా?

కృష్ణాతీరం: బిడ్డలో సగం తండ్రిదే కదా, తల్లి రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయి చర్మంలా ఎందుకు తోసేయదు? 1953లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త పీటర్ మెదావర్ వేసిన ప్రశ్న ఇది. మూడు జవాబులు ఊహించారు: ఇద్దరి రక్తాలూ కలవకుండా అడ్డు ఉండటం, పిండం యాంటిజెన్లు (రోగనిరోధక వ్యవస్థ పరాయివిగా గుర్తించే పదార్థాలు) ఇంకా పక్వం కాకపోవడం, తల్లి వ్యవస్థ మందగించడం. ఈ పోలికను నమ్ముకునే, వరసగా గర్భాలు పోయే స్త్రీలకు భర్త లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) ఎక్కించే చికిత్స పుట్టింది. పోలికే తప్పని నా వాదన.

సూక్ష్మదర్శిని: ఒప్పుకోను. పరీక్షించి కొట్టేయగలిగేలా ప్రశ్న వేయడమే ఆయన పని, అది చక్కగా చేశారు. 1943లో గ్లాస్గోలో థామస్ గిబ్సన్‌తో కలిసి, కాలిన రోగికి అదే దాత చర్మం రెండోసారి అతికిస్తే మరింత త్వరగా ఊడిపోతుందని చూపారు. అంటే శరీరానికి గుర్తుంది. 1953లో బిల్లింగ్‌హామ్, బ్రెంట్‌లతో కలిసి, తల్లి కడుపులో ఉన్న సీబీఏ అనే జాతి ఎలుక పిల్లలకు ‘ఏ’ అనే వేరే జాతి ఎలుకల కణాలు ఎక్కించారు. ఎనిమిది వారాల వయసులో ఏ-జాతి చర్మం అతికిస్తే ఐదింటిలో మూడు స్వీకరించాయి. 1960లో మాక్‌ఫార్లేన్ బర్నెట్‌తో కలిసి నోబెల్ వచ్చింది ఈ టాలరెన్స్ (పరాయిదాన్ని తోసేయకుండా సహించడం) పరిశోధనకే.

ఇక తల్లి మందగించిందన్న ఊహ నిలవలేదు. చాలా కాన్పులైన స్త్రీల రక్తంలో తండ్రి హెచ్‌ఎల్‌ఏకి (సొంతమా, పరాయా అని శరీరం గుర్తుపట్టే, కణాల మీది ప్రోటీన్లకు) యాంటీబాడీలు ఉంటాయి. తొలినాళ్లలో హెచ్‌ఎల్‌ఏ టైపింగ్‌కు, అంటే ఎవరిది ఏ రకమో తేల్చడానికి, వాడిన సీరమ్‌లో పెద్ద భాగం ఆ తల్లులదే!

బఫీకోట్: చికిత్స సంగతి నేను చెబుతాను. రక్తం ఎక్కించుకున్నవారిలో మార్పిడి చేసిన కిడ్నీ ఎక్కువకాలం నిలుస్తోందని 1973లో తేలింది. దానితో, భర్త కణాలు ఇస్తే తల్లిలో ‘అడ్డుకునే యాంటీబాడీలు’ పుట్టి బిడ్డను కాపాడతాయని అనుకున్నారు. చేసే పద్ధతి: భర్త రక్తాన్ని గడ్డకట్టనివ్వని హెపారిన్‌లో తీసి, 1.077 సాంద్రత గల ఫైకాల్ అనే ద్రవం మీద మెల్లగా, కలిసిపోకుండా పోసి, 400 జీ (గురుత్వాకర్షణకు 400 రెట్ల బలం) వద్ద అరగంట సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ప్లాస్మాకీ ఫైకాల్‌కీ మధ్య తేలే, లింఫోసైట్లున్న తెల్లటి పొరను పిపెట్‌తో లాగి, సెలైన్‌లో రెండుమూడుసార్లు కడిగి, ట్రైపాన్ బ్లూ అనే రంగుతో బతికున్న కణాలు లెక్కించి భార్య ముంజేతి చర్మంలోకి ఎక్కిస్తారు.

పొరతోపాటు కింద ఉన్న ఎర్రకణాలు కాసిని వచ్చినా చాలు, ఆర్‌హెచ్ నెగెటివ్ స్త్రీకి యాంటీ-డి (ఆర్‌హెచ్ పాజిటివ్ ఎర్రకణాల మీద దాడి చేసే యాంటీబాడీ) పుట్టవచ్చు. ప్లేట్‌లెట్లు సరిగా పోకపోతే వాటి మీదా యాంటీబాడీలు రావచ్చు. హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలు పుడితే, రేపు ఆమెకు కిడ్నీ అవసరమైనప్పుడు సరిపడే దాత దొరకడం కష్టం.

కృష్ణాతీరం: ఫలితాలు కూడా చెప్పండి.

బఫీకోట్: 1985లో మౌబ్రే బృందం: భర్త కణాలు తీసుకున్న 22 మందిలో 17 మందికి, సొంత కణాలు తీసుకున్న 27 మందిలో 10 మందికి కాన్పు నిలిచింది. అందరూ ఉత్సాహపడ్డారు. 1999లో ఓబర్ బృందం పెద్ద ట్రయల్‌లో చికిత్స పొందినవారిలో 36 శాతం మందికి, పొందనివారిలో 48 శాతం మందికి కాన్పు నిలిచింది! 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, అనుమతి పొందిన ట్రయల్‌లో తప్ప ఇవ్వొద్దంది.

సూక్ష్మదర్శిని: ఆ ట్రయల్‌లో కణాలను రాత్రంతా నిల్వ ఉంచడం వల్లే పని చేయలేదనే వాదన ఉంది.

బఫీకోట్: ఉంది. కానీ తాజా కణాలతో మేలు జరుగుతుందని అంత పెద్ద ట్రయల్‌లో చూపే బాధ్యత ఆ మాట అన్నవారిదే. అప్పటిదాకా అది ఊహే.

కృష్ణాతీరం: నా మాట సవరించుకుంటాను. పోలిక తప్పు కాదు, చర్మంలోంచి నేరుగా మాయకు దూకడం తప్పు. మాయ బయటి పొర సిన్సిటియోట్రోఫోబ్లాస్ట్ మీద హెచ్‌ఎల్‌ఏనే లేదు. గర్భాశయంలోకి చొచ్చుకెళ్లే మాయ కణాల మీద హెచ్‌ఎల్‌ఏ ఏ, బీ రకాలు లేవు. సీ, ఈ, జీ రకాలు ఉన్నాయి. వాటితో మాట్లాడేది గర్భాశయంలోని ఎన్‌కే (నేచురల్ కిల్లర్ అనే రోగనిరోధక) కణాలు. రక్తంలోని ఎన్‌కే కణాలు వేరే రకం, కాబట్టి చేతి రక్తంలో ఎన్‌కే సంఖ్య చూసి గర్భాశయం గురించి తేల్చడం సరికాదు.

సూక్ష్మదర్శిని: ఇక్కడ ఒప్పుకున్నాను. వరసగా గర్భాలు పోయినవారు ముందు చేయించుకోవాల్సినవి యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీ (రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీ) పరీక్షలు, 12 వారాల తేడాతో రెండుసార్లు. పాజిటివ్ అయితే తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్‌కు ఆధారం ఉంది. గర్భాశయం ఆకారానికి త్రీడీ స్కాన్, థైరాయిడ్, పోయిన పిండం క్రోమోజోములు చూడాలి. ఇవి చూడకుండా భర్త కణాల ఇంజెక్షన్ రాసిచ్చే చోట, ఏ ట్రయల్ ఆధారంగా ఇస్తున్నారో కాగితం మీద రాసిమ్మని అడగండి.